రంగును బట్టి కుంచె, గోడను బట్టి రోలర్: ఇంటి పెయింటింగ్‌కు పనిముట్లను ఎలా ఎంచుకోవాలి

ఇంటికి రంగులు వేయాలనుకున్నప్పుడు షేడ్ కార్డు ముందు పెట్టుకొని ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చర్చిస్తారు గానీ, ఆ రంగును గోడకు చేర్చే కుంచె గురించి, రోలర్ గురించి అడిగేవారు అరుదు. దుకాణంలో చేతికి అందినదాన్ని తెచ్చుకుంటారు, లేదా పెయింటర్ సంచిలో ఉన్నదానితోనే పని కానిస్తారు. తరువాత గోడపై చారలు కనిపించినా, తలుపు మీద వెంట్రుకలు అంటుకుపోయినా, స్లాబు అడుగున రంగు మచ్చలు మచ్చలుగా ఆరినా నింద రంగు మీద పడుతుంది. ఈ లోపాలలో చాలావరకు పనిముట్టు ఆ పనికి సరిపడకపోవడం వల్ల వచ్చేవే. ఇల్లంతటికీ అయ్యే రంగుల ఖర్చు ముందు బ్రష్‌ల ఖర్చు చాలా చిన్నది కాబట్టి, అక్కడ పొదుపు చేయడం వల్ల నిజంగా మిగిలేది ఏమీ ఉండదు.

ఇక్కడ మన ఊళ్లలో మామూలుగా కనిపించే ఒక డాబా ఇంటిని దృష్టిలో పెట్టుకుందాం. లోపలి గోడలకు లప్పం పెట్టి నునుపు చేశారు, బయటి గోడలు గరుకు సిమెంటు ప్లాస్టరింగ్‌తో ఉన్నాయి, సింహద్వారం టేకుది, కిటికీలకు ఇనుప ఊచలు ఉన్నాయి, వెనుక పక్క పాత వంటగదికి మాత్రం ఇప్పటికీ సున్నమే వేస్తారు. ఇలాంటి ఇంటికి ఒకే బ్రష్, ఒకే రోలర్ సరిపోవు. ఎంపికకు ఒక వరుస ఉంది: రంగు దేనిలో కరుగుతుందో మొదట చూడాలి, అది పడే తలం ఎంత గరుకుగా ఉందో ఆ తరువాత చూడాలి, వెడల్పును అన్నిటికంటే చివర నిర్ణయించాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, దుకాణంలోకి వెళ్లగానే నాలుగు అంగుళాల బ్రష్ ఇమ్మని అడుగుతారు.

మొదట డబ్బా మీద ఉన్నది చదవండి

రంగు డబ్బా వెనుక ఏమి కలిపి పలుచన చేయాలో, పనిముట్లను దేనితో కడగాలో రాసి ఉంటుంది. నీళ్లు అని ఉంటే అది నీటి రంగు. ఎమల్షన్లు, డిస్టెంపరు, గోడలకు అడుగు పూతగా వేసే ప్రైమర్లలో ఎక్కువ భాగం ఈ కోవలోకి వస్తాయి. టర్పెంటైన్ అని ఉంటే అది నూనె రంగు. ఎనామెల్, ఇనుముకు వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, మామూలు వార్నిష్ ఇందులో చేరతాయి. ఈ ఒక్క వాక్యం చదివితే బ్రష్ ఎంపిక సగం పూర్తయినట్టే.

నీటి రంగులకు నైలాన్, పాలిస్టర్ వంటి కృత్రిమ పోగుల బ్రష్ తీసుకోండి. పంది వెంట్రుకలతో చేసిన సహజ బ్రష్‌లు నీటిని పీల్చుకుంటాయి. పీల్చుకున్న వెంట్రుక ఉబ్బి, మెత్తబడి, బిగువు కోల్పోతుంది, అరగంట పని అయ్యేసరికి కుచ్చు నాలుగు వైపులకు విచ్చుకొని అంచు గీత తిన్నగా రాకుండా పోతుంది. కృత్రిమ పోగు నీటిలో ఎంతసేపు ఉన్నా దాదాపు అదే బిగువుతో ఉంటుంది. వీటిలోనూ తేడా ఉంది. నైలాన్ మృదువుగా ఉండి త్వరగా అరగదు గాని వేడికి మెత్తబడుతుంది, పాలిస్టర్ ఎండలోనూ బిరుసు నిలుపుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో, రామగుండంలోనో బయటి గోడకు రంగు వేసేవారు పాలిస్టర్ బ్రష్‌నుగానీ, రెండు పోగులూ కలిపి చేసినదాన్నిగానీ ఎంచుకోవడం మేలు.

నూనె రంగులకు, వార్నిష్‌కు సహజ వెంట్రుకల బ్రష్ ఇప్పటికీ మంచి ఎంపిక. పంది వెంట్రుక కొస సహజంగానే రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది. ఆ చీలికలు రంగును ఎక్కువగా పట్టుకొని, తలం మీద సన్నగా, సమంగా విడుస్తాయి కాబట్టి ఎనామెల్ మీద బ్రష్ గీతలు తక్కువగా మిగులుతాయి. కొసలు చీల్చి తయారుచేసిన మేలురకం కృత్రిమ బ్రష్‌లు కూడా నూనె రంగులకు బాగానే పనిచేస్తాయి. కాని ఒకసారి ఎనామెల్‌లో ముంచిన బ్రష్‌ను ఎంత కడిగినా తిరిగి ఎమల్షన్‌కు వాడకండి. లోపల మిగిలిన నూనె అంశ కొత్త రంగులో కలిసి గోడ మీద మరకలై బయటపడుతుంది. పిడి మీద పెన్నుతో ఒక గుర్తు పెట్టుకుంటే ఈ పొరపాటు జరగదు.

సున్నం సంగతి వేరు. సున్నపు నీరు గాఢమైన క్షారం, క్షారం వెంట్రుకను తినేస్తుంది. అందుకే పంది వెంట్రుకల బ్రష్‌ను సున్నంలో ముంచితే కొద్ది రోజుల్లోనే పెళుసుబారి రాలిపోతుంది. మన పెద్దలు సున్నానికి నార కుంచెలు వాడింది చవక అన్న ఒక్క కారణంతోనే కాదు; మొక్కల నుంచి తీసిన నార క్షారానికి వెంట్రుకలా కరిగిపోదు, పైగా పలుచటి సున్నపు నీటిని పుష్కలంగా మోసుకుపోతుంది. పాత మిద్దెకు, పశువుల కొట్టానికి, ప్రహరీకి సున్నం వేసేవారు నేటికీ నార కుంచెనే కొనండి, పని మొదలుపెట్టే ముందు దాన్ని కాసేపు నీళ్లలో నానబెట్టండి. గోడ అడుగున జాజు పట్టీ దిద్దే అలవాటు ఉంటే దానికి మాత్రం చిన్న కుంచెను వేరుగా ఉంచుకోవాలి, లేకపోతే ఎరుపు తెలుపులోకి పాకుతుంది.

దుకాణంలో బ్రష్‌ను చేతిలోకి తీసుకొని చూడండి

ప్లాస్టిక్ కవరు మీద ఉన్న పేరు చూసి బ్రష్ కొనకూడదు. కవరు తీసి చూపించమని అడగండి, మంచి దుకాణదారు కాదనడు. ముందుగా కుచ్చును అరచేతి మీద మెల్లగా అదిమి వదలండి. వంగిన వెంట్రుకలు వెంటనే తిరిగి నిటారుగా నిలబడితే అందులో బిగువు ఉన్నట్టు. తరువాత కుచ్చును వేళ్ల మధ్య విప్పి కొసలను వెలుతురులో గమనించండి. కొసలు చీలి ఉండాలి, మధ్యలో పొడవుగా, అంచుల వైపు పొట్టిగా ఉంటూ కుచ్చు కొస వైపు సన్నబడాలి. కత్తెరతో కత్తిరించినట్టు అన్నీ ఒకే ఎత్తులో మొండిగా ఉంటే ఆ బ్రష్ ప్రైమర్‌కు పనికివస్తుంది గాని చివరి పూతకు పనికిరాదు.

ఇప్పుడు కుచ్చును మధ్యకు విడదీసి లోపలికి చూడండి. వెంట్రుకల వరుసల మధ్య చిన్న చెక్క ముక్క ఉంటుంది. అది కల్పించే ఖాళీలోనే రంగు నిలువ ఉంటుంది కాబట్టి అది అవసరమే. అయితే కొందరు తయారీదారులు వెంట్రుకలను ఆదా చేయడానికి ఆ ముక్కను మరీ మందంగా పెడతారు. అటువంటి బ్రష్ బయటికి నిండుగా కనిపించినా లోపల డొల్లగా ఉంటుంది, రంగులో ముంచగానే రెండు పాయలుగా విడిపోతుంది. చివరగా ఐదారు వెంట్రుకలను కలిపి పట్టుకొని లాగండి. కొత్త బ్రష్ నుంచి ఒకటి రెండు ఊడటం సహజం; గుప్పెడు ఊడివస్తే దాన్ని అక్కడే వదిలేయండి. వెంట్రుకలను పిడికి బిగించే రేకు పట్టీ కదలకూడదు, దానిపై తుప్పు మచ్చలు ఉండకూడదు. నీటి రంగులకు తుప్పు పట్టని లోహపు పట్టీ ఉన్నదే కొనాలి, ఎందుకంటే తెల్ల ఎమల్షన్‌లోకి తుప్పు దిగితే ఆ పసుపు చార ఆరిన తరువాతే కనిపిస్తుంది.

వెంట్రుకల పొడవుకు ఒక లెక్క ఉంది: మూడు అంగుళాల లోపు బ్రష్‌లలో అది బ్రష్ వెడల్పుకు సుమారు ఒకటిన్నర రెట్లు ఉండాలి. అంతకంటే పొట్టిగా ఉంటే వంగదు, గీతలు పడతాయి. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లాకు చెందిన షేర్‌కోట్ పట్టణం బ్రష్‌ల తయారీకి పేరుపొందింది. అక్కడ చిన్న కార్ఖానాల్లో చేతితో కట్టే బ్రష్‌లలో చాలా మంచివి ఉన్నాయి, నాసిరకం కూడా ఉంది. అందువల్ల పేరు కంటే పైన చెప్పిన పరీక్షలనే నమ్మాలి.

వెడల్పు ఎంత ఉండాలి

దుకాణాల్లో అంగుళాలలోనూ, మిల్లీమీటర్లలోనూ చెబుతారు, 25 మి.మీ. అంటే ఒక అంగుళం. కిటికీ ఊచలకు, గ్రిల్‌కు 1 అంగుళం, ద్వారబంధానికి, కిటికీ చట్రాలకు ఒకటిన్నర లేదా 2 అంగుళాలు, తలుపు రెక్కలకు రెండున్నర లేదా 3 అంగుళాలు సరిపోతాయి. డిస్టెంపరు వంటి పలుచటి రంగును గోడంతా బ్రష్‌తోనే వేయాలంటే 4 లేదా 5 అంగుళాలు తీసుకోవచ్చు. బ్రష్ పెద్దదైతే పని త్వరగా అవుతుందన్న ఆశతో మరీ వెడల్పైనది కొనకండి. రంగు నిండిన 5 అంగుళాల బ్రష్ బరువుకు మణికట్టు త్వరగా అలసిపోతుంది, అలసిన చేతికి గీత నిలవదు.

రోలర్ చేరలేని మూలలు, స్లాబు అంచులు, స్విచ్ బోర్డుల చుట్టూ దిద్దడానికి 2 అంగుళాల బ్రష్ ఒకటి ప్రత్యేకంగా కావాలి. దీనికి కొస ఏటవాలుగా కత్తిరించిన రకం అన్నిటికన్నా అనుకూలం, పొడవైన మొన ముందుగా గోడను తాకి గీతకు దారి చూపుతుంది. చిన్న పట్టణాల్లో అది దొరకకపోతే కుచ్చు పలుచగా ఉన్న మామూలు చదును బ్రష్‌ను తీసుకొని, వెడల్పు వైపు కాకుండా సన్న అంచును గోడకు ఆనించి లాగితే పని జరుగుతుంది.

రోలర్ కొనేటప్పుడు నూగు పొడవు అడగండి

రోలర్ విషయంలో వెడల్పు గురించి అందరూ మాట్లాడతారు, నూగు గురించి అడిగేవారు తక్కువ. కాని రంగు గోడ మీద ఎలా ఆరుతుందో నిర్ణయించేది ఆ నూగే. తొడుగు మీద ఉన్న పోగుల ఎత్తునే నూగు అంటున్నాను. నూగు పొడవుగా ఉంటే రంగును ఎక్కువ పట్టుకుంటుంది, గరుకు గోడ గుంటల్లోకి దిగుతుంది, కాని నునుపు గోడ మీద చుక్కలు చుక్కలుగా గరుకు పొర మిగులుస్తుంది. పొట్టి నూగు పలుచగా, నున్నగా వేస్తుంది, కాని గరుకు గోడ మీద ఎత్తైన చోట్లనే తాకి గుంటలను వదిలేస్తుంది. కాబట్టి గోడను అరచేతితో నిమిరి చూసి నూగును ఎంచుకోవాలి.

లప్పం పెట్టి ఎమరీ కాగితంతో రుద్దిన లోపలి గోడలకు, స్లాబు అడుగుకు 10 నుంచి 12 మి.మీ. నూగు సరిపోతుంది. గోడ అద్దంలా నునుపుగా ఉండి, మెరిసే రకం ఎమల్షన్ వేస్తున్నట్లయితే 6 నుంచి 8 మి.మీ. వరకు తగ్గించవచ్చు, మెరిసే రంగు ప్రతి చిన్న గరుకునూ పక్క వెలుతురులో చూపిస్తుంది కాబట్టి ఇక్కడ పొట్టి నూగే మేలు. బయటి ప్లాస్టరింగ్ గోడకు 18 నుంచి 20 మి.మీ. కావాలి. చదును పలకలా ఉండే ఫ్లష్ తలుపులకు, బీరువా రెక్కలకు రోలర్‌తో ఎనామెల్ వేయాలనుకుంటే 4 నుంచి 5 మి.మీ. నూగు ఉన్న చిన్న రోలర్ తీసుకోండి.

నూగు దేనితో చేశారన్నది తరువాతి ప్రశ్న. మామూలుగా దొరికేవి పాలిస్టర్, అక్రిలిక్ పోగులవి. నీటి రంగులన్నిటికీ ఇవి సరిపోతాయి. మైక్రోఫైబర్ తొడుగు కొంచెం ఖరీదైనా దారాలు వదలదు, రంగును చాలా సమంగా పరుస్తుంది. హాలు గోడల చివరి పూతకు దాన్నే వాడమని గట్టిగా చెబుతాను. స్పాంజి రోలర్‌ను గోడలకు వాడవద్దు. దానిని నొక్కినప్పుడు లోపలి గాలి బయటికి వచ్చి ఎమల్షన్‌లో బుడగలు లేపుతుంది, అవి ఆరిన తరువాత సూది గుంటలై నిలుస్తాయి. ఎనామెల్ నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి అందులో బుడగలు అణిగిపోయే వ్యవధి ఉంటుంది. అక్కడ సన్న కణాల స్పాంజి కొంతవరకు పనికివస్తుంది, అయినా వెనువెంటనే పొడి బ్రష్ కొసతో తేలికగా ఒకసారి దువ్వాలి.

కొనేముందు తొడుగును వేళ్లతో గట్టిగా అదిమి వదలండి. అదిమిన చోటు వెంటనే లేవకపోతే, రెండు గదులు అయ్యేసరికి నూగంతా చదునై రంగును పట్టుకోవడం మానేస్తుంది. అతుకు దగ్గర గట్టు ఉందేమో వేలితో తడిమి చూడండి, ఆ గట్టు ప్రతి చుట్టుకూ గోడ మీద ఒక గీత గీస్తుంది. రోలర్ తేలికగా, చప్పుడు లేకుండా తిరగాలి, పిడి అడుగున కర్ర బిగించేందుకు మర ఉండాలి. స్లాబు అడుగుకు నిచ్చెన మీద నుంచి కాకుండా నేల మీద నిలబడి కర్రతో వేయగలిగితే మెడకూ, పనికీ రెండింటికీ మంచిది.

వెడల్పు విషయానికి వస్తే, గోడలకు 9 అంగుళాలు, తలుపుల పైభాగం, బాత్‌రూమ్, స్తంభాల వంటి ఇరుకు చోట్లకు 4 అంగుళాలు ఉంచుకోండి. పెద్ద రోలర్ తొడుగు తనలోనే చాలా రంగును దాచుకుంటుంది. ఒక్క చిన్న గోడకు మాత్రమే పని ఉన్నప్పుడు 9 అంగుళాల రోలర్‌ను తడపడం వృథా.

టేకు తలుపులు: స్టెయిన్, వార్నిష్, పాలిష్

చెక్క పనిలో పనిముట్టుకు ఉన్న ప్రాధాన్యం గోడ పనిలో కంటే ఎక్కువ, ఎందుకంటే గోడ మీద తప్పును మరో పూతతో కప్పవచ్చు గాని, చెక్కలోకి ఇంకిన స్టెయిన్‌ను వెనక్కి తీయాలంటే మళ్లీ చెక్కను రుద్దడం తప్ప దారి లేదు. స్టెయిన్ రంగులా పైన పొరగా నిలవదు, నారల్లోకి ఇంకుతుంది. కాబట్టి దానిని వేసే పనిముట్టు రెండు భాగాలుగా ఉంటుంది: తడపడానికి బ్రష్, తుడవడానికి నూలు గుడ్డ. నూనె స్టెయిన్‌కు సహజ వెంట్రుకల బ్రష్, నీటి స్టెయిన్‌కు కృత్రిమ పోగుల బ్రష్ తీసుకొని, చెక్క నారల వెంట ధారాళంగా తడిపి, కొద్ది నిమిషాల తరువాత మిగిలినదాన్ని దారాలు ఊడని పాత పంచె గుడ్డతో నారల దిశలోనే తుడవండి. నీటి స్టెయిన్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి దానిని ఒక పలక పూర్తయ్యాక ఇంకో పలక చొప్పున వేసుకోవాలి, ఒకేసారి తలుపంతా తడిపితే మొదటి పలక మీద అంచు మరకలు స్థిరపడతాయి.

చెక్క కోసిన కొసలు, అంటే తలుపు రెక్క పై అంచు, అడుగు అంచు, అన్నిటికంటే ఎక్కువగా పీల్చుకొని నల్లబడతాయి. అక్కడ బ్రష్ వాడకుండా స్టెయిన్‌లో తడిపి పిండిన గుడ్డతో మాత్రమే అద్దండి. పూలు, లతలు చెక్కిన సింహద్వారానికి రోలర్ అసలు పనికిరాదు. అర అంగుళం బిరుసు బ్రష్‌తో చెక్కడం లోతుల్లోకి స్టెయిన్ పంపి, గుడ్డను వేలికి చుట్టి పైభాగాలను తుడిస్తే లోతుల్లో నలుపు నిలిచి ఆ పనితనం బాగా కనిపిస్తుంది. కొత్త టేకులో సహజంగా నూనె ఉంటుంది. వార్నిష్ పట్టు నిలవాలంటే ముందు థిన్నర్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవడం మంచిది.

వార్నిష్‌కు 2 లేదా రెండున్నర అంగుళాల మెత్తని, నిండు కుచ్చు ఉన్న సహజ బ్రష్‌ను వేరుగా కొని, దానిని మరే రంగులోనూ ముంచకుండా ఉంచుకోండి. పాత ఎనామెల్ రేణువు ఒక్కటి మిగిలినా పారదర్శకమైన పూతలో అది స్పష్టంగా కనిపిస్తుంది. వార్నిష్ డబ్బాను ఊపవద్దు, కర్రతో నెమ్మదిగా కలపండి. బ్రష్‌ను డబ్బా అంచుకు గీకకుండా లోపలి గోడకు మెల్లగా తట్టండి, ఎందుకంటే ఊపడం, గీకడం రెండూ బుడగలు పుట్టిస్తాయి. పూసిన వెంటనే బ్రష్‌ను దాదాపు నిలువుగా పట్టుకొని, కొసతో మాత్రమే, నారల వెంట ఒక చివర నుంచి మరో చివరకు తేలికగా లాగాలి.

స్పిరిట్‌లో లక్క కరిగించి చేసే పాలిష్‌కు బ్రష్ తగదు. స్పిరిట్ చూస్తుండగానే ఆవిరవుతుంది, బ్రష్ రెండోసారి అదే చోటికి వచ్చేసరికి మొదటి గీత సగం ఆరి ఉంటుంది, ఆ రెండూ కలిసినచోట చార పడుతుంది. ఇందుకే పాలిష్ పనివాళ్లు దూదిని పలుచటి మల్లు గుడ్డలో మూటకట్టి, దానికి పాలిష్ పట్టించి, చేయి ఆపకుండా గుండ్రంగా తిప్పుతూ పోతారు. ఆ మూటకు ముడతలు లేని అడుగు ఉండాలి, పని ఆపినప్పుడు మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టాలి. మెలమైన్, పీయూ (పాలియురేథేన్) వంటి పూతలకు ఎక్కువగా స్ప్రే వాడతారు, వాటిని చేతితో వేయడం కంటే ఆ పనికి అలవాటైనవారికి అప్పగించడమే మంచిదని నా అభిప్రాయం.

ఊచలు, గేటు, గడప

ఇనుముకు రంగు వేసేముందు కావలసిన మొదటి బ్రష్ తీగల బ్రష్. తుప్పు ఊడగొట్టకుండా ఎంత మంచి కుంచెతో ఎనామెల్ వేసినా అది తుప్పుతో పాటే పొలుసులుగా రాలుతుంది. అయితే పాత ఎనామెల్‌ను పొడిగా రుద్దకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలకు, మించకూడదని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. అంతకుముందు వేసిన పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది, దాని దుమ్ము పిల్లలకు చాలా హానికరం. తలాన్ని తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకొని, పిల్లలను దూరంగా ఉంచి రుద్దండి.

ఊచలకు రోలర్ వద్దు, 1 అంగుళం బ్రష్ చాలు. బ్రష్‌ను రంగులో మూడో వంతు మాత్రమే ముంచి, ఊచ వెనుక వైపు ముందుగా వేసి, ఆ తరువాత ముందు వైపు వేస్తే కారిన చుక్కలు కంటికి కనిపించి తుడిచేందుకు వీలవుతుంది. అడ్డపట్టీ, ఊచ కలిసే మూలలో రంగు పేరుకుంటుంది. అక్కడ పొడి బ్రష్ కొసతో అదనపు రంగును లాగేయండి.

గడపకు పసుపు ఎనామెల్ వేసి, దానిపై ఎర్రని, తెల్లని ముగ్గు దిద్దే ఇళ్లలో అడుగు పూతకు ఒకటిన్నర అంగుళాల బ్రష్, ముగ్గుకు బొమ్మలు వేసే గుండ్రటి సన్న బ్రష్ కావాలి. గీతలకు 2 లేదా 3 నంబరు సైజు, పూరేకులకు 5 లేదా 6 నంబరు సైజు సరిపోతాయి. సన్న గీతలకు ముంగిస వెంట్రుకల బ్రష్ ఇస్తామని ఎవరైనా చెబితే కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిస రక్షిత జంతువు, ఆ వెంట్రుకల వ్యాపారం నేరం, ఆ వెంట్రుకల కోసం ముంగిసలను చంపుతారు. కృత్రిమ పోగుల గుండ్రటి బ్రష్ ఎనామెల్ గీతలకు ఏమాత్రం తీసిపోదు.

బయటి గోడలు, డాబా

గరుకు ప్లాస్టరింగ్ మీద మొదటి ప్రైమర్‌ను 4 అంగుళాల బ్రష్‌తో రుద్దినట్టు వేసి, ఆపై పూతలను పొడవు నూగు రోలర్‌తో వేయడం మంచి పద్ధతి. బ్రష్ ప్రైమర్‌ను రంధ్రాల్లోకి తోస్తుంది, ఆ పని రోలర్ అంత గట్టిగా చేయలేదు. ఎండ పడుతున్న గోడను వదిలి నీడలో ఉన్న గోడకు వెళ్లండి. వేడి గోడ మీద ఎంత మంచి రోలరైనా ఈడుస్తూనే పోతుంది, రంగు పరుచుకోకముందే ఆరిపోతుంది.

డాబా మీద వేడిని తిప్పికొట్టే తెల్లని పూత వేయించుకోవడం ఇటీవల పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని కూడా ప్రకటించింది. ఆ పూత మందంగా ఉంటుంది, స్లాబు గరుకుగా ఉంటుంది, కాబట్టి 18 మి.మీ. లేదా అంతకంటే పొడవైన నూగు ఉన్న 9 అంగుళాల రోలర్‌ను పొడవైన కర్రకు బిగించి వాడండి, పిట్టగోడ మూలలకు, నీళ్ల గొట్టాల చుట్టూ 4 అంగుళాల బ్రష్ వాడండి. సున్నంతోనే సరిపెట్టుకుంటే రోలర్ జోలికి వెళ్లకుండా నార కుంచెతోగానీ, కొబ్బరి చీపురుతోగానీ వేయడం మేలు.

పని మొదలుపెట్టేటప్పుడు

కొత్త రోలర్ తొడుగు చుట్టూ అంటుకునే టేపును చుట్టి లాగితే వదులుగా ఉన్న దారాలన్నీ టేపుతో వచ్చేస్తాయి. కొత్త బ్రష్‌ను అరచేతిపై అటూ ఇటూ కొట్టి, కడిగి ఆరబెట్టి, వార్నిష్ బ్రష్ కాకపోతే ముందుగా ప్రైమర్‌కు వాడండి. ఊడవలసిన వెంట్రుకలు అక్కడే ఊడిపోతాయి. నీటి రంగుకు ముందు బ్రష్‌ను, రోలర్‌ను నీటితో తడిపి గట్టిగా పిండితే రంగు పోగుల మొదళ్ల దాకా ఎక్కి గట్టిపడదు.

రోలర్‌ను నేరుగా బకెట్‌లో ముంచకుండా ట్రేలో పోసిన రంగులో తిప్పి, గాడుల మీద దొర్లించి సమంగా తడవనివ్వండి. గోడ అంచులను బ్రష్‌తో రెండు మూడు అంగుళాల వెడల్పున దిద్దిన తరువాత ఆ రంగు ఆరకముందే రోలర్ దాన్ని కలుపుకొని పోవాలి, లేకపోతే గోడ చుట్టూ వేరే ఛాయ పట్టీ కనిపిస్తుంది. అందుకే గది నాలుగు గోడల అంచులనూ ఒకేసారి దిద్దకండి, ఒక గోడ పూర్తి చేసి మరో గోడకు వెళ్లండి. పని జరుగుతున్నంతసేపు ఫ్యాను ఆపి ఉంచండి. రంగు తక్కువైనప్పుడు రోలర్‌ను అదమకండి, మళ్లీ ట్రేకి వెళ్లండి. అదిమిన రోలర్ రెండు చివరలా గట్టు గీతలు వదులుతుంది. ప్రతి మూడు అడుగుల వెడల్పు నిండిన తరువాత పై నుంచి కిందికి, ఒకే దిశలో, తేలికగా ఒకసారి లాగి వదిలేయండి.

కడగడం, దాచడం

మధ్యాహ్న భోజనానికి ఆగినప్పుడు బ్రష్‌ను, రోలర్‌ను పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా చుట్టి పెడితే చాలు. ఎనామెల్ బ్రష్‌ను రాత్రికి కడగకుండా ఉంచాలంటే వెంట్రుకలు మునిగేంత నీళ్లలో వేలాడదీయండి, నీరు గాలిని అడ్డుకోవడం వల్ల రంగు గట్టిపడదు. మరునాడు నీటిని బాగా విదిలించి, పొడి గుడ్డతో ఒత్తి వాడుకోవచ్చు. కుచ్చు మీద బరువు పడేలా డబ్బాలో నిలబెట్టిన బ్రష్ మాత్రం ఒక్క రాత్రిలో వంకర తిరుగుతుంది.

పని ముగిశాక నీటి రంగు బ్రష్‌ను సబ్బు నీటిలో, నీరు తేటగా వచ్చేవరకు వేళ్లతో వెంట్రుకల మొదలు దాకా విడదీస్తూ కడగండి. నూనె రంగు బ్రష్‌ను కొద్దికొద్దిగా టర్పెంటైన్ మార్చుతూ రెండు మూడుసార్లు కడిగి, ఆ తరువాత సబ్బుతో కడగాలి. మురికి టర్పెంటైన్‌ను కాలువలో పోయకుండా మూత పెట్టి ఉంచితే రంగు అడుగుకు దిగుతుంది, పైన తేలిన తేట ద్రవం మరోసారి కడగడానికి ఉపయోగపడుతుంది. వెంట్రుకలను దువ్వి, పాత కాగితంతో ఆకారం చెడకుండా చుట్టి, పిడికి ఉన్న రంధ్రంతో మేకుకు తగిలించండి. రోలర్ తొడుగును కడిగి నిలువుగా నిలబెట్టి ఆరబెట్టాలి, పడుకోబెడితే ఒక పక్క నూగు అణిగిపోతుంది.

అవిసె నూనె కలిసిన స్టెయిన్ గానీ పాలిష్ గానీ తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలకు పడేయకండి. ఆ నూనె గాలితో కలిసి ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని ఆరుబయట, నీడలో, దేనికీ ఆనకుండా ఒక్కొక్కటిగా పరిచి, పూర్తిగా ఎండి బిరుసెక్కిన తరువాతనే చెత్తలో వేయండి.